అంగుళం దిగిన భుజం

రాయక్క కదలకుండా కూర్చుని బతికింది. ఈ మాట వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మనమంతా బస్సుల్లో వేలాడి, చెమటోడ్చి, నానా తంటాలు పడి నాలుగు రాళ్ళు సంపాదించుకుంటుంటే ఈవిడెవరో కూర్చుని సంపాదించిందట అనుకుంటారు. అలా అనుకునేవాళ్ళు ఒకసారి స్టూలెక్కి, మెడ కాస్త ఎడమకు తిప్పి, ముక్కు మీద ఈగ వాలినా చెయ్యెత్తకుండా నలభై నిమిషాలు కూర్చుని చూడాలి. పదో నిమిషానికి తుంటి మొద్దుబారుతుంది. ఇరవయ్యో నిమిషానికి ఊహ తెలిసినప్పటి నుంచి చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే గుర్తుకొస్తాయి. ముప్ఫయ్యో నిమిషానికి ఎదురుగా బొమ్మ గీస్తున్నవాడి పీక పిసకాలనిపిస్తుంది. రాయక్క ఆ పని పంతొమ్మిదేళ్ళు చేసింది. ఎవరి పీకా పిసకలేదు.

ఆవిడ పనిచేసిన చోటు నగరం నడిబొడ్డున, సైకిళ్ళ రిపేరు షాపుకీ లాండ్రీకీ మధ్య ఇరుక్కున్న మూడంతస్తుల ఇటుక కట్టడం. పై అంతస్తంతా ఒకటే హాలు. ఉత్తరం వైపు కప్పు సగం గాజు పలకలే. ఎండ సూటిగా పడకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే రకం వెలుగు ఉంటేనే చిత్రకారుల చేతులు ఆడతాయట. అలాంటి చేతులున్న పన్నెండు మంది కలిసి ఆ హాలును అద్దెకు తీసుకున్నారు. గాజు కప్పు వానాకాలంలో పన్నెండు చోట్ల కారేది. మనిషికొక చోటు, ఎవరికీ అన్యాయం జరగలేదు.

రాయక్క అక్కడికి మొదట వెళ్ళింది చీపురు పట్టుకునే. భర్త మంచివాడే కానీ ఆయుష్షు విషయంలో పిసినారి. మూడేళ్ళ కూతుర్ని ఆవిడ చంకలో పెట్టి తన దారిన తాను పోయాడు. ఆవిడ కాపురం వేరే వీధిలో, నాలుగో అంతస్తులో ఒక్క గది, కుళాయి మాత్రం కింద వీధిలో. ఎడమ చంకలో పిల్ల, కుడి చేతిలో నీళ్ళ బకెట్టు, రోజుకు పదిసార్లు మెట్లు. ఆ తర్వాత ఊడ్చే పని. పని దొరికిన నెలరోజులకు, బొమ్మ కోసం కూర్చోవలసిన అమ్మాయి ఒకరోజు రాలేదు. పన్నెండు మందీ బొగ్గు పుల్లలు చెక్కుకుని, కాగితాలు బిగించుకుని, పెళ్ళికూతురు పారిపోయిన పెళ్ళివాళ్ళలా నిలబడిపోయారు. మూల ఊడుస్తున్న ఈవిడ మీద ఎవరి కళ్ళో పడ్డాయి.

"అమ్మా, ఒక్క అరగంట ఇలా దిమ్మ మీద కూర్చుంటావా?"

"కూర్చుని ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు."

అలాంటి పని కూడా ఒకటుంటుందని ఆవిడకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చీపురు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒంట్లో ఉన్న అలసటంతా అడుగుకు దిగి, మనిషి సున్నం బస్తాలా కుదురుకుపోయింది. మధ్యలో ఆ పన్నెండు మందిలోకీ పెద్దాయన తుమ్మాడు. బొగ్గు పొడి పడక ఆయనకు జీవితాంతం తుమ్ములే, అందుకే తుమ్ముల మాస్టారు అనేవారు. ఆ తుమ్ముకు గాజు కప్పు మీద పావురాలు లేచిపోయాయి, ఒకాయన చేతిలో పుల్ల విరిగింది. దిమ్మ మీద మనిషి కనురెప్ప కూడా వెయ్యలేదు.

"ఇది మనిషి కాదర్రా, రాయి!" అన్నాడు మాస్టారు ముక్కు తుడుచుకుంటూ. కింద లాండ్రీ ఆయన దానికి మర్యాదగా ఒక అక్కను తగిలించాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు రేషన్ కార్డుకే మిగిలింది.

మొదటి ఏడాది చేతులు గీశారు, మొహం గీశారు. రెండో ఏడాది మాస్టారు పరీక్ష హాల్లో స్లిప్పు దొరికిన కుర్రాడి మొహం పెట్టుకుని వచ్చి, వీపు గీయాలి, నడుం దాకా పైబట్ట తీసి అటు తిరిగి కూర్చోవాలి, ఇష్టం లేకపోతే వద్దు అన్నాడు. రాయక్క రెండు రోజులు ఆలోచించింది. వీపు అనేది తను పుట్టి ఇన్నేళ్ళయినా ఒక్కసారీ చూసుకోనిది. తనకే మొహం చూపించనిదాని కోసం తనెందుకు సిగ్గుపడాలి? పైగా ఊడ్చేదానికి రెండింతలు ఇస్తామంటున్నారు. మూడో రోజున, తెర కట్టించాలి, పక్కన హీటరు పెట్టాలి, ఎవడైనా దిమ్మ ఇవతలికి వచ్చాడో వాడి రంగులన్నీ వాడి నెత్తిన పోస్తాను అని మూడు షరతులు పెట్టి కూర్చుంది. పంతొమ్మిదేళ్ళలో ఒక్కడూ ఇవతలికి రాలేదు. రంగులు ఖరీదైనవి.

ఇంట్లో మాత్రం ఊడుస్తున్నాననే చెప్పింది. ఊడ్చే మనిషి కూతురంటే బళ్ళో ఎవరూ తిరిగి చూడరు. వీపు చూపించి కూర్చునే మనిషి కూతురంటే పిల్ల చదువు సాగనిస్తారా? కూతురు పెద్దదయ్యాక చెబుదామనుకుంది. పెద్దదైంది, పెళ్ళయింది, పోస్టాఫీసులో కౌంటరు ఉద్యోగం వచ్చింది. అబద్ధాన్ని పనిలో పెట్టుకున్నంత తేలిక కాదు, పనిలోంచి తీసెయ్యడం.

ఇంకో విచిత్రం ఉంది. హాల్లో అంత కుదురుగా కూర్చునే మనిషికీ ఇంట్లో కుర్చీకీ ముఖ పరిచయం కూడా లేదు. నిలబడి తినేది. నిలబడి కూతురికి జడ వేసేది, అదీ ఒక కన్ను పొయ్యి మీద పెట్టి. పిల్ల కథ చెప్పమంటే గిన్నెలు తోముతూ చెప్పేది. కూర్చోవడం ఆవిడకు ఉద్యోగం. ఉద్యోగాన్ని ఇంటికి తెచ్చుకునే అలవాటు ఆవిడకు లేదు.

ఆ పన్నెండు మందీ ఆవిణ్ణి ఎన్ని బొమ్మలు గీసి ఉంటారో లెక్కలేదు. ఒకాయన గీస్తే చుట్టపు చూపుగా వచ్చిన ఆడపడుచులా ఉండేది. ఇంకొకాయన మరీ కొత్త తరహా మనిషి, రెండు త్రికోణాలూ ఒక బకెట్టూ గీసి ఆవిడకే చూపించాడు.

"ఇదేంటి బాబూ?"

"ఇది నీ అంతరాత్మ."

"నా అంతరాత్మకు చెవులుండవా?"

ఆయన ఆలోచించి మర్నాడు చెవులు పెట్టాడు. ఆ బొమ్మే అమ్ముడుపోయిందట. ఏ బొమ్మ గీసినవాడు ఆ బొమ్మ చంకన పెట్టుకుపోయేవాడు. ఆవిడకు ఒక్క కాగితం ముక్క కూడా మిగల్లేదు. అడిగితే ఇచ్చేవారే. అడిగి తీసుకెళ్ళి ఏ గోడకు తగిలిస్తుంది?

ఒక్కటి మాత్రం హాల్లోనే ఉండిపోయింది. ఒక వానాకాలం కప్పు పదమూడో చోట కూడా కారి, కట్ట కట్టి పెట్టిన కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి. మిగతావాళ్ళు ఇంటికి పోయారు. మాస్టారు పోలేదు, రాయక్కా దిమ్మ దిగలేదు. బొగ్గు పుల్ల తీసుకుని తూర్పు గోడకే గీయడం మొదలుపెట్టాడు. నిలువెత్తు మనిషి కూర్చుంటే ఎంత ఉంటుందో అంత బొమ్మ, వెనక నుంచి. జుట్టు పైకి ముడి, మెడ, భుజాలు, వెన్ను, స్టూలు మీద ఆనిన నడుం. గీసినంతసేపూ ఒక్క తుమ్ము లేదు. చివర్లో జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బా తెచ్చి, పొడి రాలకుండా గోడంతా కొట్టాడు.

"చూడు రాయీ. ఇది నువ్వు."

రాయక్క పైబట్ట కప్పుకుని వచ్చి చూసింది. తన వెనక ఇంత మనిషి ఉందని ఆవిడకు ఆరోజే తెలిసింది. పొద్దున్న లేచి బకెట్టు పట్టుకుని మెట్లెక్కే మనిషి, అంట్లు తోమే మనిషి, అందరికీ వీపు తిప్పి నిలబడే మనిషి వెనక నుంచి ఇంత బాగుంటుందా అని ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. వారం తిరగకుండానే, స్థలం లేదని, బొమ్మలు పెట్టుకునే చెక్క అల్మారా ఒకటి తెచ్చి సరిగ్గా ఆ గోడకే నిలబెట్టారు. మరుసటి ఏడు మాస్టారు పోయాడు. ఆ తర్వాత మిగిలిన పదకొండు మందీ ఏదో విషయంలో కొట్లాడుకుని, ఇక జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకోమని ఒట్లు పెట్టుకుని హాలు ఖాళీ చేశారు.

ఆరేళ్ళపాటు పావురాలు కాపురం చేశాక ఆ అంతస్తును ఒక పళ్ళ డాక్టరమ్మ కొనుక్కుంది, ఇల్లు చేసుకోవడానికి. మంచావిడే. ఎవరితో మాట్లాడినా కళ్ళలోకి కాకుండా పళ్ళలోకి చూస్తుంది, అంతే. చిత్రకారులు బతికిన చోటు కాబట్టి ఏదీ పోనివ్వకూడదని ఆవిడ పట్టుదల. నేల మీద ముప్ఫయ్యేళ్ళ రంగు చుక్కలు ఉంటే ఉంచమంది. తుప్పు పట్టిన మేకులు ఉంచమంది.

"ఈ పగుల్లో క్యారెక్టర్ ఉందండీ," అనేది గోడను నిమురుతూ.

"పగుల్లో నీళ్ళుంటాయమ్మా," అనేవాడు టైల్స్ మేస్త్రీ. "క్యారెక్టర్ సంగతి నాకు తెలీదు."

ఆ టైల్స్ మేస్త్రీ స్వయానా రాయక్క అల్లుడు. నగరంలో ఇన్ని ఇళ్ళుండగా అతనికి ఆ ఇంటి పనే తగిలింది. అల్లుడికి మాట తక్కువ, చూపు ఎక్కువ. ఏ ఇంటికెళ్ళినా ముందు గుమ్మం వంకర చూస్తాడు. నీళ్ళబుడగ ఉండే మట్టం ఎప్పుడూ చంకలోనే. తన పెళ్ళిరోజున పీటలు వంకరగా ఉన్నాయని కింద అట్టముక్క దోపిన ఘనుడు.

"అత్తయ్యా, మీరు ఊడ్చిన హాలే. ఇల్లు చేస్తున్నాం. వచ్చి చూడండి," అన్నాడు.

నాలుగు రోజులు మోకాళ్ళ నొప్పులని తప్పించుకుంది. అయిదో రోజు భోజనం డబ్బా పట్టుకుని తనే బయల్దేరింది. ఇనప మెట్లలో నాలుగోది ఊగుతుందని కాళ్ళకు ఇంకా గుర్తుంది, దాన్ని దాటి అడుగేసింది. పైన చూస్తే రంగులు కడిగే తొట్టి ఉన్నచోట బాత్రూము. బొమ్మలు చెయ్యడానికి మట్టి తడిపే గుంట ఉన్నచోట పడకగది. పంతొమ్మిదేళ్ళు తను కూర్చున్న దిమ్మ మీద రేపు టీవీ కూర్చుంటుందట. అది కదిలే బొమ్మలది, తనది కదలని బొమ్మ. కాలం మారిందిలే అనుకుంది. ఆవిడ కళ్ళు మాత్రం తూర్పు గోడకే పోతున్నాయి. అల్మారా ఇంకా అక్కడే ఉంది. అక్కడ వంటిల్లు వస్తుందని నేల మీద సుద్దతో గీతలు కొట్టి ఉన్నాయి.

మరో మూడు రోజులకు నలుగురు కలిసి అల్మారాను జరిపారు. అప్పుడు రాయక్క డబ్బా విప్పుతోంది. వెనక డాక్టరమ్మ కేక వినబడింది. తలెత్తకుండానే ఆవిడకు సంగతి అర్థమైంది. మూత చేతిలోంచి జారి దొర్లుకుంటూ పోయింది. గోడ మీద తన వీపు, సాలెగూళ్ళ మధ్య, నిన్న గీసినట్టు ఉంది.

"అబ్బ! ఎవరై ఉంటుంది? నాట్యం చేసేవాళ్ళెవరైనా అయి ఉంటారా?" అంది డాక్టరమ్మ.

"పెద్దింటి మనిషిలా ఉంది," అన్నాడు కరెంటు పనిచేసే ఆయన.

"మీరు అప్పుడు ఇక్కడ పనిచేశారు కదా అమ్మా, మీకేమైనా తెలుసా?"

"నేను నేల ఊడ్చేదాన్ని తల్లీ," అంది రాయక్క తేలు కుట్టిన దొంగలా. "గోడల సంగతి నాకేం తెలుసు?"

అన్నది కానీ, పెద్దింటి మనిషన్న మాట సాయంత్రం దాకా చెవుల్లో తియ్యగా మోగుతూనే ఉంది. ఇంటికొచ్చాక మాత్రం భయం పట్టుకుంది. ఆ వీపు తనదని అల్లుడికి తెలిస్తే? అతని నోట కూతురికి తెలిస్తే? పంతొమ్మిదేళ్ళు ఊడ్చి నన్ను పెంచిందని ఆఫీసులో అందరికీ చెప్పుకునే పిల్ల. అది తన మొహం మళ్ళీ చూస్తుందా? ఆ గోడ మీద టైల్స్ పడిపోతే బాగుణ్ణు, బెడద వదులుతుంది అనుకుంది. అనుకున్న మరుక్షణం ఆ మాట వెనక్కి తీసుకుంది. పంతొమ్మిదేళ్ళ కూర్చుబాటుకు మిగిలింది అదొక్కటే.

డాక్టరమ్మ అయితే బొమ్మను ఉంచాలనే చూసింది. పొయ్యి కిటికీ వైపు మార్చి, గొట్టాలు తిప్పించి, ఈ గోడకు గాజు పలక బిగిద్దామంది. తప్పకుండా అలాగే జరిగేది, అల్లుడు తన మట్టం తియ్యకుండా ఉంటే. ఎదురుగా వంకర గీత కనబడితే అతనికి అన్నం దిగదు. బొమ్మ మీద మట్టం ఆనించి, బుడగ చూసి, పెదవి విరిచాడు.

"కుడి భుజం అంగుళం దిగిపోయిందమ్మా. నేర్చుకునేవాడెవడో గీసుంటాడు."

"అవునా?"

"ఇదిగో చూడండి. బుడగ ఎడమకి పోయింది. మనిషి కుదురుగా కూర్చుంటే రెండు భుజాలూ ఒక మట్టంలో ఉండొద్దూ?"

పళ్ళ డాక్టరు ముందు వంకర అన్న మాట అనకూడదు. అప్పటిదాకా అబ్బా అబ్బా అన్న మనిషికి ఆ క్షణం నుంచి బొమ్మలో ఇంకేమీ కనబడలేదు, దిగిన భుజం తప్ప. కింద సంతకం కూడా లేదు. తప్పుగా గీసిన బొమ్మ కోసం గొట్టాలన్నీ తిప్పించడం ఎందుకనిపించింది. రోజంతా వంకర పళ్ళు చూసి ఇంటికొచ్చి వంకర భుజం చూడటం నా వల్ల కాదంది. గురువారం ఆ గోడకు టైల్స్ వేసెయ్యమని చెప్పి ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

ఆ మాట అల్లుడు ఇంట్లో భోజనాల దగ్గర మామూలుగా చెప్పాడు. రాయక్క కోరుకున్నది అదే కదా. హాయిగా కడుపులో చల్ల కదలకుండా పడుకోవలసిన మనిషి. పడుకోలేదు. తప్పు గీశాడట! తుమ్ముల మాస్టారు తప్పు గీశాడట! ముప్ఫయ్యేళ్ళు కళ్ళు కాయలు కాసేలా మనుషుల్ని చూసినవాడు, ఆఖరికి తుమ్ము కూడా ఆపుకుని గీసినవాడు, నేర్చుకునేవాడట! అయినా ఆ భుజం ఉత్తినే దిగిందా?  రెండు రోజులు గిన్నెలు మామూలుకన్నా గట్టిగా తోమింది.

గురువారం భోజనం డబ్బా పదకొండింటికే వచ్చేసింది. డాక్టరమ్మ కూడా ఉంది, టైల్స్ రంగు చూసుకోవడానికి. అల్లుడు ఒక బకెట్లో సిమెంటు కలిపి పెట్టుకున్నాడు. గోడ నున్నగా ఉంటే టైలు పట్టదు, ముందు ఉలితో గాట్లు పెట్టాలి. కింద నుంచి మొదలుపెట్టి, స్టూలు కాళ్ళు దాటి, నడుం దగ్గరికి వచ్చాడు. ఉలి ఆనించి సుత్తి ఎత్తాడు.

"ఆగు!"

ఆ కేకకు కప్పు మీద పావురాలు లేచిపోయాయి. అల్లుడి సుత్తి గాల్లోనే ఉండిపోయింది. పదేళ్ళలో అత్తగారు గొంతెత్తడం అతను వినలేదు.

రాయక్క డబ్బా కింద పెట్టింది. మూలనున్న రంగు డబ్బా ఒకటి ఈడ్చుకొచ్చి, గోడకు మూరెడు దూరంలో బోర్లించింది. జుట్టు పైకెత్తి ముడి వేసింది. వాళ్ళిద్దరికీ వీపు తిప్పి దాని మీద కూర్చుంది. మెడ కాస్త ఎడమకు తిప్పింది. ఎక్కడ ఉన్న ఎముక అక్కడ సర్దుకుంది. ఆరేళ్ళయింది, వయసు మీద పడింది, ఒళ్ళు కొంచెం వచ్చింది. అయినా ఒళ్ళు పని మర్చిపోలేదు. గోడ మీద ఒక వీపు, గోడ ముందు ఒక వీపు. మధ్యలో పైబట్ట ఒక్కటే తేడా.

డాక్టరమ్మ నోరు వెళ్ళబెట్టింది. ఆవిడ పళ్ళు ఇంకొకరు చూడటం బహుశా అదే మొదటిసారి.

"నీ మట్టం తీసుకురా అల్లుడూ," అంది రాయక్క కదలకుండా. "నా భుజాల మీద పెట్టు."

"అత్తయ్యా..."

"పెట్టవయ్యా! పరాయి మనిషిని తప్పు పట్టేటప్పుడు లేని మొహమాటం ఇప్పుడెందుకు?"

అతను చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఎంతో జాగ్రత్తగా, పగిలే సామానును ఆనించినట్టు మట్టాన్ని ఆవిడ భుజాల మీద ఆనించాడు. బుడగ నెమ్మదిగా ఎడమకు జరిగింది. గీత దాటి ఆగింది. అతను మట్టం తీసి గోడ మీద బొమ్మకు ఆనించాడు. బుడగ అక్కడే, అదే గీత దాటి ఆగింది. నమ్మకం కుదరక మళ్ళీ ఒకసారి అటూ ఇటూ పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎడమ చంకలో నీ పెళ్ళాం, కుడి చేతిలో బకెట్టు," అంది రాయక్క. "నాలుగంతస్తులు, రోజుకు పదిసార్లు, నాలుగేళ్ళు. దిగదూ మరి? మాస్టారికి కనబడింది, గీశాడు. నువ్వు పదేళ్ళ నుంచి నా వెనకాల నడుస్తున్నావు, గుమ్మాల వంకర తప్ప నీకేం కనబడింది?"

అతను మట్టం దించి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"మీరు ఊడ్చేవారు కదా అత్తయ్యా?"

"ఊడ్చాను. మొదటి నెల."

అల్లుడు సుత్తీ ఉలీ సంచిలో వేసుకున్నాడు. డాక్టరమ్మ వైపు తిరిగి, "బొమ్మ కరెక్టేనమ్మా. తప్పు నాది. పొయ్యి కిటికీ వైపు పెట్టుకుందాం. గొట్టాలు తిప్పిన పనికి నాకేమీ ఇవ్వక్కర్లేదు," అన్నాడు. డాక్టరమ్మ తలూపింది. పాపం, క్యారెక్టర్ అన్న మాట ఆవిడ నోటి దాకా వచ్చినట్టుంది, మింగేసింది.

అప్పుడు రాయక్కకు ఒళ్ళు తెలిసింది. పౌరుషం చల్లారాక కూతురు గుర్తొచ్చింది.

"దానికి చెప్పకు నాయనా. నీకు దండం పెడతాను."

"నేను చెప్పను. కానీ నా మొహం చూస్తే దానికి తెలిసిపోతుంది అత్తయ్యా. అంటించిన కవరు పట్టుకుని లోపలేముందో చెప్పే మనిషి అది."

అతను అన్నట్టే అయింది. మర్నాడు మధ్యాహ్నం ఇనప మెట్ల మీద టకటకమని అడుగులు వినబడ్డాయి. కూతురు పోస్టాఫీసు యూనిఫాంతోనే వచ్చేసింది. భర్త వైపు చూడలేదు, డాక్టరమ్మను పలకరించలేదు. తిన్నగా తూర్పు గోడ ముందుకు వెళ్ళి నిలబడింది. రాయక్క సిమెంటు బస్తాల వెనక్కు జరిగి, ఎక్కడైనా కన్నం ఉంటే దూరిపోదామన్నట్టు నిలబడింది. ఎన్ని మాటలు పడాలో అన్నిటికీ సిద్ధపడింది. సిగ్గు లేదా అంటుంది. మా ఆఫీసులో తెలిస్తే అంటుంది. అననీ.

కూతురు చాలాసేపు చూసింది. కౌంటరు దగ్గర అంతసేపు ఒక్క మనిషిని చూస్తే క్యూ వీధి చివరి దాకా పోతుంది.

"ఎంతసేపు కూర్చునేదానివి?" అంది వెనక్కు తిరగకుండానే.

"నలభై నిమిషాలు. తర్వాత ఐదు నిమిషాలు లేచేదాన్ని. మళ్ళీ నలభై."

"కదలకుండా?"

"కదిలితే గీత పోతుంది కదమ్మా."

కూతురు గిరుక్కున తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పంతొమ్మిదేళ్ళు, రోజూ, ముక్కూ మొహం తెలియని పన్నెండు మంది ముందు కూర్చున్నావు. నా దగ్గర ఒక్కసారి కూర్చున్నావా? జడ వేసేటప్పుడు కూడా నిలబడే వేసేదానివి. నీకు కూర్చోవడం రాదనుకున్నానమ్మా నేను. మా అమ్మ ఒంట్లో అది లేదనుకుని ఊరుకున్నాను."

 రాయక్క తిట్లకు సిద్ధపడి వచ్చిన మనిషి. వీపు గురించి అడిగితే చెప్పడానికి పదిహేను సమాధానాలు రాత్రంతా కూర్చుకుంది. ఇది ఆ పదిహేనింటిలో లేదు.

"నువ్వు నా చంకలోనే ఉన్నావే," అంది చివరకు. "ఆ భుజం అందుకే..."

"ఆయన చెప్పాడు," అంది కూతురు. బోర్లించిన రంగు డబ్బా నిన్నటి నుంచీ అక్కడే ఉంది. దాన్ని కాలితో ముందుకు జరిపింది. "కూర్చో."

"ఇప్పుడా? నీకు ఆఫీసు..."

"కూర్చో అమ్మా."

రాయక్క కూర్చుంది. కూతురు ఆవిడ వెనక నేల మీద, ముప్ఫయ్యేళ్ళ రంగు చుక్కల మీద, ఇస్త్రీ యూనిఫాం నలుగుతుందని కూడా చూడకుండా చతికిలబడి, తల్లి వీపుకు చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. అల్లుడు మట్టం చంకలో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. డాక్టరమ్మ చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది, నాలుగో మెట్టు మాత్రం కిర్రుమంది.

పదో నిమిషానికి తుంటి మొద్దుబారింది. ఇరవయ్యో నిమిషానికి చేసిన తప్పులన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. వీపు మీద ఎక్కడో తడి తగిలింది. నలభై నిమిషాలయ్యాయి. రాయక్క లేవలేదు.